వెన్ను ఎందుకు వంకర పోతుంది?

పిల్లలూ! మీ వీపు మీద నడిమధ్యన చెయ్యి పెట్టి చూసుకోండి. గుళ్ళు గుళ్ళుగా తగులుతుందే, అదే వెన్నెముక. మెడ నుంచి నడుము దాకా అందులో కదిలే పూసలు 24 ఉన్నాయి. వెనక నుంచి చూస్తే అవి రాయి కట్టి వేలాడదీసిన దారంలాగా తిన్నగా ఉండాలి.

కాని నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలకు, పదో ఏటికీ పదహారో ఏటికీ నడుమ, వెన్ను పక్కకు వంగి కాస్త మెలి కూడా తిరుగుతుంది. దీనిని పార్శ్వగూని అంటారు. డాక్టర్లు స్కోలియోసిస్ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు వంకర అని అర్థం. బాగా ముదిరే వంకర ఆడపిల్లలలోనే హెచ్చు.

ఇది వినగానే పుట్టపర్తి ప్రాంతపు పెద్దవాళ్ళు, "నీళ్ళ దోషం కాబోలు!" అనవచ్చు. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. అనంతపురం మెట్టసీమలో చాలాచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అటువంటి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు బిగిసి నడుము ముందుకు వంగిపోతుంది. ఈ జబ్బును 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు గుర్తించారు. 1990ల నాటి సత్యసాయి తాగునీటి పథకం వల్ల వందలాది గ్రామాలకు మంచినీళ్ళు వచ్చాయి. నీరు మారితే ఆ జబ్బును రానివ్వకుండా చెయ్యవచ్చు.

పార్శ్వగూని అలాంటిది కాదు. మంచినీళ్ళు తాగే పిల్లలకూ వస్తుంది. బడిసంచి బరువు వల్ల వచ్చేది కాదు, వంగి కూర్చోవడం వల్ల వచ్చేదీ కాదు. తల్లి చేసిన తప్పు అంతకన్నా కాదు.

మరి కారణమేమిటి? ఇది కొన్ని కుటుంబాలలో తరతరాలుగా కనిపిస్తుంది. ఒకే పోలికతో పుట్టిన కవలలలో ఒకరికి ఉంటే రెండోవారికి ఉండే అవకాశం, మామూలు కవలలలో కన్న చాలా ఎక్కువ. అంటే దీని మూలం జన్యువులలో ఉన్నదన్న మాట. తాతగారి ముక్కు మనకు వచ్చేది కూడా ఈ జన్యువుల మూలానే.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఇది ఒక జన్యువు చేసే పని కాదు. ఎన్నో జన్యువులు తలా కాస్త చెయ్యి వేస్తాయి. బస్తా వేరుసెనగలో ఎక్కడో ఒకటి రెండు వేరు రకం గింజలు ఉన్నాయనుకోండి. గుప్పెడు తీసి చూస్తే ఏం తెలుస్తుంది? పది ఊళ్ళ రైతులు తమ బస్తాలన్నీ ఒకచోట పోసి వెతికితే తెలుస్తుంది.

శాస్త్రజ్ఞులు చేసిందీ అదే. 2011లో జపాను వారు వేలాదిమంది రక్తం పరీక్షించి, ఎల్‌బీఎక్స్‌1 అనే జన్యువు దగ్గర ఒక తేడా కనిపెట్టారు. తరవాత చైనాలోనూ ఇతర దేశాలలోనూ వెతికితే అక్కడా అదే కనిపించింది! 2012లో అనేక దేశాలవారు కలిసి ఒక కూటమిగా ఏర్పడ్డారు. 2019లో జపాను వారు 79 వేల మందికి పైగా జన్యువులను పోల్చి చూసి, ఇటువంటి చోట్లు 20 ఉన్నట్టు తేల్చారు. ఈ పనిలో చిన్న చారల చేపలు కూడా సాయపడుతున్నాయి. వాటిలో ఒక జన్యువును చెడగొట్టి, వెన్ను ఎలా వంగుతుందో చూస్తారు.

ఈ పరిశోధన ఇంకా మందు దాకా రాలేదు. అయినా ఇప్పుడే చెయ్యగలిగింది ఒకటి ఉంది. 1865లో లండను డాక్టరు ఆడమ్స్ చూపిన పరీక్ష ఇది: పాదాలు కలిపి నిలబడి, మోకాళ్ళు వంచకుండా, చేతులు వేలాడవేసి ముందుకు వంగండి. అమ్మనో నాన్ననో వెనక నుంచి చూడమనండి. వీపు ఒక పక్క ఎత్తుగా కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. ఎదిగే వయసులోనే కనిపెడితే వీపుకు బిగించే బ్రేసు పనిచేస్తుంది. 2013లో ప్రకటించిన ఒక పరిశోధనలో, బ్రేసు వేసుకున్నవారిలో నూటికి 72 మందికి వంకర ఆపరేషను దాకా ముదరలేదు; వేసుకోనివారిలో 48 మందికే అలా జరిగింది.

కాబట్టి పిల్లలూ, వీపు వంకరగా ఉంటే సిగ్గుపడి చొక్కా చాటున దాచుకోకండి. తోటివారికి ఉంటే గేలి చెయ్యకండి. ఎదుగుదల ఆగిపోకముందే పెద్దవాళ్ళతో చెప్పండి.