వెండి – సూక్ష్మజీవులు

పసిబిడ్డకు వెండి ఉగ్గుగిన్నెతో పాలు పట్టుట మన యిండ్లలో పాత ఆచారము. వెండికి సూక్ష్మజీవులను చంపు శక్తి కలదు. 1880 ప్రాంతమున జర్మను వైద్యుడు క్రెడే, నవజాత శిశువుల కన్నులలో సిల్వర్ నైట్రేటు చుక్కలు వేసి పెక్కుమందిని అంధత్వమునుండి కాపాడెను. సిల్వర్ సల్ఫాడయాజీను లేపనము నేటికిని కాలిన పుండ్లకు వాడబడుచున్నది.

ఈ విషయము ఉద్దానమువారికి మిక్కిలి దగ్గరిది. అచట మూత్రపిండవ్యాధిగ్రస్తులు పెక్కుమంది డయాలిసిస్ చేయించుకొనుచున్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. డయాలిసిస్ కొరకు కొందరికి మెడలోని సిరలో గొట్టము అమర్చుదురు. దానిపై బాక్టీరియాలు చేరి, నూతిమెట్లపై పాచివలె జిగురుపొర అల్లుకొనును. ఆ పొరచాటున నున్న క్రిములు మందులకు సులభముగా లొంగవు.

వెండి అయానులు క్రిమి పైపొరను, లోని ప్రొటీనులను ఒక్కమారే దెబ్బతీయును. కనుక దానిని ఎదిరించుట క్రిములకు కష్టము. కాని అసాధ్యము కాదు. వెండికి లొంగని సాల్మొనెల్లా క్రిములు బాస్టను నగరపు ఆసుపత్రిలో బయటపడినట్లు 1975లోనే ప్రకటింపబడెను. వెండిపూత మూత్రగొట్టములు మామూలువానికంటె చెప్పుకోదగినంత మేలు చేయలేదని 2012లో వెలువడిన బ్రిటను పరిశీలన తేల్చెను.

కావున పూతకంటె పరిశుభ్రతయే ప్రధానము. గొట్టపుకట్టును తడియనీయరాదు. చలిజ్వరము వచ్చినచో వెంటనే డయాలిసిస్ కేంద్రమునకు తెలుపవలెను. మూత్రపిండములకు మంచిదని ఎవరేమి చెప్పినను వెండిద్రవములు త్రాగరాదు; చర్మము శాశ్వతముగా నీలిబూడిదవన్నెకు తిరుగవచ్చును. పుండుపై మందైన వెండి కడుపులోనికి మందు కాదు.