రక్తం పెరిగితే భయం పెరుగుతుందా?

ఆదివారం టీవీ హాల్లో సినిమా అయిపోయినా దాని మీద వాదన అయిపోదు. మెస్ దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు, పళ్ళాలు కడుక్కునే పంపు దగ్గర, రాత్రి లైట్లు ఆర్పేశాక కూడా అది సాగుతూనే ఉంటుంది. ఏ హాస్టల్లో చదివినవారికైనా ఇది అనుభవమే. ఇలాంటి వాదనలు ఎక్కువగా రెండు విషయాల మీద వస్తాయి. మొదటిది, పాత సినిమాను మళ్ళీ తీస్తే బాగుంటుందా అన్నది. రెండవది, తెర మీద అంత రక్తం చూపించాలా అన్నది.

ఈ రెండు ప్రశ్నలూ ఒకేసారి లేవనెత్తిన సినిమా 2003 అక్టోబరులో అమెరికాలో విడుదలైన ‘ది టెక్సాస్ చైన్‌సా మాసకర్’. ఇది అదే పేరుతో 1974లో వచ్చిన చిత్రానికి రీమేక్. మన పూర్వ విద్యార్థుల్లో కొందరు దీన్ని సీడీల కాలంలో చూశారు. ఇప్పటి తమ్ముళ్ళు ఫోన్లలో చూస్తున్నారు. కథ చెప్పి ఎవరినీ భయపెట్టడం మా ఉద్దేశం కాదు. చూసినవారి అభిప్రాయాలు ఎందుకు అంతగా చీలిపోయాయో, అందులో మనం ఆలోచించవలసింది ఏముందో వివరించడానికే ఈ వ్యాసం.

స్లాషర్ అంటే ఏమిటి?

భయపెట్టే సినిమాలన్నీ ఒక రకం కావు. దెయ్యాల సినిమా వేరు, స్లాషర్ వేరు. స్లాషర్‌లో దెయ్యం ఉండనక్కరలేదు. ఒక హంతకుడు, చేతిలో కత్తో గొడ్డలో రంపమో, ఊరికి దూరంగా చిక్కుకుపోయిన కొందరు యువతీ యువకులు ఉంటారు. ఒక్కొక్కరే చనిపోతారు. చివరికి ఎక్కువగా ఒక అమ్మాయి మిగులుతుంది. ఆ పాత్రకు ‘ఫైనల్ గర్ల్’, అంటే చివరిదాకా మిగిలే అమ్మాయి అని అమెరికన్ అధ్యాపకురాలు కేరల్ క్లోవర్ 1987లో రాసిన వ్యాసంలో పేరు పెట్టారు. 1978 నాటి ‘హాలోవీన్’, 1980 నాటి ‘ఫ్రైడే ది థర్టీన్త్’ ఈ కోవలోవే. వాటికంటే ముందే దారి వేసిన చిత్రాల్లో ఒకటి 1974 నాటి ఈ రంపం సినిమా.

ఒకే కథ, రెండు సినిమాలు

పాత చిత్ర దర్శకుడు టోబ్ హూపర్. 1973 వేసవిలో, టెక్సాస్ ఎండల్లో, పెద్ద నటులెవరూ లేకుండా 16 ఎం.ఎం. ఫిల్ము మీద తీశారు. అమెరికాలోనే మూడు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. బ్రిటన్‌లో అయితే సెన్సారు బోర్డు 1999 దాకా దానికి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

రీమేక్‌ను మైకేల్ బే స్థాపించిన ప్లాటినం డ్యూన్స్ సంస్థ నిర్మించింది. దర్శకుడు మార్కస్ నిస్పెల్ అంతకుముందు మ్యూజిక్ వీడియోలు, వాణిజ్య ప్రకటనలు తీసినవాడు. ఇందులో ఒక విశేషం ఉంది. 1974 చిత్రానికి కెమెరా పట్టిన డేనియల్ పర్ల్ 2003 చిత్రానికి కూడా ఛాయాగ్రాహకుడు. అంటే దాదాపు ముప్ఫై ఏళ్ళ తేడాతో ఒకే మనిషి ఒకే కథను రెండుసార్లు చిత్రీకరించాడు. అయినా చూసేవారికి రెండూ ఒకటిగా అనిపించవు. పాతది ఎవరో దారిన పోతూ తీసిన నిజమైన ఫిల్ములా గరుకుగా ఉంటుంది. కొత్తదాంట్లో చెట్ల మధ్య నుంచి వచ్చే వెలుతురు, పొగమంచు, పాడుబడ్డ గోడలు అన్నీ ఎంతో శ్రద్ధగా అమర్చినట్టు ఉంటాయి.

పాతది ముందు చూసినవారి మాట

పాత చిత్రాన్ని అభిమానించేవారు రీమేక్ మీద ఎక్కువగా చేసే ఫిర్యాదు ‘అన్నీ చూపించేశారు’ అన్నది. పేరు వినగానే రక్తం ఏరులై పారుతుందనుకుంటాం గాని, 1974 చిత్రంలో తెర మీద కనిపించే రక్తం చాలా తక్కువ. పిల్లలు పెద్దల సలహాతో చూడదగిన రేటింగు వస్తుందని హూపర్ ఆశపడి రక్తాన్ని తగ్గించాడు. ఆ రేటింగు రాలేదు, అది వేరే సంగతి. ఆ చిత్రంలో ఒక అమ్మాయిని మాంసం వేలాడదీసే కొక్కేనికి తగిలిస్తారు. కొక్కెం గుచ్చుకోవడం మనకు కనిపించదు. కనిపించేది ఆమె ముఖం, కింద పెట్టిన బకెట్టు మాత్రమే. అయినా చూసిన ఎంతోమంది గుచ్చుకోవడం తాము కళ్ళారా చూశామనే చెబుతారు. చూపించని దాన్ని మన మనసే పూరించుకుంటుంది. కరెంటు పోయిన రాత్రి సీనియర్ అన్న చెప్పిన దెయ్యం కథ మనల్ని ఎందుకు వణికించిందో గుర్తు చేసుకుంటే ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది.

రీమేక్‌లో కూడా కొక్కెం ఉంది. కాని అక్కడ ఒక యువకుడి కాలు తెగుతుంది, కొక్కేనికి వేలాడుతుండగా తెగిన చోట ఉప్పు రుద్దుతారు. చూస్తే కడుపులో తిప్పుతుంది. ఒళ్ళు జలదరించడం, కడుపులో తిప్పడం ఒకటి కావని పాత చిత్ర అభిమానుల వాదన. మొదటిది భయం, రెండవది రోత. రోత రెండు మూడుసార్లకు అలవాటైపోతుంది, భయం అలా కాదు అని వారంటారు.

కొత్తది ముందు చూసినవారి మాట

వీరి వాదనా తీసిపారేయదగింది కాదు. 2003లో టికెట్ కొన్న కుర్రకారు చాలామంది 1974 నాటికి పుట్టనే లేదు. వారికి ఇదే మొదటి సినిమా, పోల్చుకోవడానికి మరొకటి లేదు. వీరు మెచ్చుకున్నవి ముఖ్యంగా రెండు. ఒకటి, షెరీఫ్ హోయ్ట్ పాత్రలో ఆర్. లీ ఎర్మీ నటన. రంపం పట్టినవాడికంటే యూనిఫాం వేసుకున్న ఈ మనిషే ఎక్కువ భయపెట్టాడని చాలామంది అన్నారు. ఆపదలో ఉన్నవారు ఎవరిని పిలుస్తారో ఆ మనిషే ఆపద అయితే ఇక దిక్కెవరు? ఈ భయానికి రక్తం అవసరం లేదు.

రెండవది, జెస్సికా బీల్ వేసిన ఎరిన్ పాత్ర. పాత చిత్రంలో శాలీ పరుగెత్తి, ఎలాగో ఒక ట్రక్కెక్కి, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన స్థితిలో బయటపడుతుంది. ఎరిన్ ఎదురు తిరుగుతుంది. హంతకుడి చెయ్యి నరుకుతుంది. పారిపోయే అవకాశం చిక్కినా ఒక పసిబిడ్డను ఆ ఇంటివాళ్ళ దగ్గర వదలక తీసుకుపోతుంది. ఆడపిల్ల అంటే కేకలు వేయడానికే అన్న పద్ధతి మారిందని ఈ పాత్రను ఇష్టపడ్డవారు చెబుతారు.

ఎవరు ఏది ముందు చూశారన్నది అభిప్రాయాన్ని ఎంతగా మారుస్తుందో మనకూ తెలుసు. 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళ్’ కథే 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’ అయింది, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’ అయింది. మనం దాన్ని తెలుగు మాటలతో చూశాం. మలయాళం ముందు చూసినవారిని అడిగితే వారికి అదే గొప్ప. మనలో ఎక్కువమందికి ‘చంద్రముఖి’యే అసలు.

విమర్శకులు ఒక దారి, టికెట్లు ఒక దారి

2003 చిత్రాన్ని విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చలేదు. ప్రఖ్యాత విమర్శకుడు రోజర్ ఎబర్ట్ ఒక్క నక్షత్రం కూడా ఇవ్వలేదు. పాత చిత్రానికి ఆయన రెండు నక్షత్రాలు ఇచ్చి ఉన్నాడు. కాని దాదాపు 95 లక్షల డాలర్లతో తీసిన ఈ రీమేక్ ప్రపంచమంతటా పది కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఈ లాభం చూశాక పాత భయానక చిత్రాలన్నీ వరుసగా మళ్ళీ తయారయ్యాయి. 2007లో ‘హాలోవీన్’, 2009లో మళ్ళీ నిస్పెల్ దర్శకత్వంలోనే ‘ఫ్రైడే ది థర్టీన్త్’, 2010లో ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’ వచ్చాయి. నిర్మాతలు నక్షత్రాలు లెక్కపెట్టరు, మనం చింపిన టికెట్లు లెక్కపెడతారు.

‘నిజంగా జరిగిన కథ’ నిజమేనా?

ఈ సినిమా చూసినవారు తరచుగా చెప్పే మాట ‘ఇది నిజంగా జరిగిందట’. రెండు చిత్రాలూ నిజమైన సంఘటన అన్నట్టే మొదలవుతాయి. రీమేక్‌లో పోలీసులు తీసినట్టు ఉండే నలుపు తెలుపు ఫిల్మును మొదట్లో, చివర్లో చూపిస్తారు. అదీ సినిమావాళ్ళు తీసిందే.

టెక్సాస్‌లో ఇలాంటి సంఘటన ఎప్పుడూ జరగలేదు. కథకు కొంత ఆధారం ఎడ్ గీన్ అనే వ్యక్తి. ఇతను అమెరికాకు ఉత్తరాన ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రంలో ప్లెయిన్‌ఫీల్డ్ అనే చిన్న ఊరివాడు. 1957లో అరెస్టయ్యాడు. ఇద్దరు స్త్రీలను చంపినట్టు ఒప్పుకున్నాడు. సమాధులు తవ్వి శవాల చర్మంతో ముసుగులు చేసుకున్నాడు. 1984లో మానసిక చికిత్సాలయంలో చనిపోయాడు. అతని కథలో రంపం లేదు, హంతకుల కుటుంబం లేదు, వ్యానులో వచ్చిన కుర్రాళ్ళూ లేరు. చర్మపు ముసుగు ఒక్కటి తీసుకుని మిగతాది అల్లారు. కాబట్టి ‘నిజకథ’ అన్న అక్షరాలు తెర మీద పడగానే నమ్మేయకూడదు.

ఎవరిని చూసి భయపడమంటోంది?

ప్రేక్షకుల వాదనల్లో అంతగా వినిపించని ప్రశ్న ఒకటుంది. మా దృష్టిలో అదే ముఖ్యమైనది. ఈ సినిమా మనల్ని ఎవరిని చూసి భయపడమంటోంది?

హంతకుడి పేరు ‘లెదర్‌ఫేస్’, అంటే తోలుముఖం వాడు. పాత చిత్రంలో వారిది తరతరాలుగా కబేళాలో పని చేసిన కుటుంబం. సుత్తితో పశువులను కొట్టే పాత పద్ధతి పోయి యంత్రం వచ్చాక మనుషుల పనులు పోయాయని ఆ ఇంటివాడొకడు వ్యానులో కూర్చుని చెబుతాడు. అది రెండు నిమిషాల మాటే. కాని ఆ ఇల్లు అలా ఎందుకు తయారైందో మనకు అందులో ఒక జవాబు దొరుకుతుంది.

రీమేక్‌లో ఆ మాట లేదు. దాని బదులు హంతకుడికి చర్మవ్యాధి, ఆ ఇంట్లో కాళ్ళు లేని ముసలివాడు, పాడుబడిన ఇల్లు, మురికి ఉన్నాయి. పేదరికం, అంగవైకల్యం, వికారమైన ముఖం కనబడితే చాలు భయపడాలన్నట్టు తీశారు. తన కొడుకును చిన్నప్పటి నుంచి అందరూ హేళన చేశారని తల్లి ఒకచోట బాధపడుతుంది. ఆ మాట దగ్గర సినిమా ఒక్క నిమిషం కూడా ఆగదు.

మన హాస్టళ్ళలో చదివినవారి ఇళ్ళలో చెప్పులు కుట్టిన తాతలున్నారు. డప్పుకు తోలు బిగించిన నాన్నలున్నారు. మాంసం కొట్టి అమ్మి పిల్లలను చదివించినవారున్నారు. తోలు, కత్తి, రక్తం మన పెద్దలకు కూడు పెట్టిన పనులు. వాటిని ముట్టుకున్నందుకే వారిని ఊరి చివర ఉంచిన సమాజం మనది. అమెరికా సినిమా మన గురించి తీసింది కాదు, నిజమే. కాని ఫలానా పని చేసేవాడు, ఫలానా ముఖం ఉన్నవాడు క్రూరుడే అన్న భావం ఏ దేశం నుంచి వచ్చినా దాన్ని గుర్తుపట్టవలసినవారిలో మనం ముందుండాలి. ముఖం మీద కాలిన మచ్చ ఉన్న తమ్ముడిని సినిమా విలన్ పేరుతో పిలవడం మన గదుల్లో లేని సంగతి కాదు. ఆ పిలుపుతో నవ్వేవారికి అది సినిమా. పిలిపించుకునేవాడికి అది సంవత్సరమంతా ఉంటుంది.

మా మాట

రీమేక్‌లో కెమెరా పనితనం ఉంది, ఎర్మీ నటన ఉంది, ఎరిన్ ధైర్యం ఉంది. కాని రక్తం పెంచి కారణాన్ని తుడిచేసింది. అందుకే పాత చిత్రం చూశాక ప్రశ్నలు మిగులుతాయి, కొత్తది చూశాక కొన్ని దృశ్యాలే మిగులుతాయి. మాతో ఏకీభవించనివారు ఉంటారు, వారి మాట వినడానికి మేము సిద్ధమే.

తమ్ముళ్ళకు ఒక సూచన. మన దేశంలో ‘ఎ’ సర్టిఫికెట్ అంటే 18 ఏళ్ళు నిండినవారికే. 2023లో చట్టం సవరించి ‘యు/ఎ’ని కూడా 7, 13, 16 ఏళ్ళని విడదీశారు. ఫోన్లో ఆపేవారు ఎవరూ ఉండరు గనుక ఆ పని మనమే చేయాలి. పెద్దవారు చూస్తే చూడండి. ఆరో తరగతి పిల్లవాడు దుప్పటి సందులోంచి తొంగి చూస్తున్నాడేమో గమనించండి. చూశాక ‘ఎంత రక్తం ఉంది’ అని గాక ‘ఎవరిని చెడ్డవాడిగా చూపారు, ఎందుకు చూపారు’ అని మాట్లాడుకోండి. పంపు దగ్గర వాదన ఇంకాస్త సేపు సాగినా ఫరవాలేదు.