ల్యాప్‌టాప్ కొనేముందు

మొన్న జుహర్ నమాజు తరువాత ఒక తండ్రి నా వద్దకు వచ్చి, కుమార్తె ఇంజినీరింగ్‌లో చేరిందని, ‘వడ్డీ లేని వాయిదాల’పై ల్యాప్‌టాప్ తీసుకోవచ్చునా అని అడిగారు.

ముందు ఎటువంటిది అవసరమో చూడాలి. మొదటి సంవత్సరం సి, పైథాన్ నేర్వడానికి 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ గల సాధారణ యంత్రం చాలు. కంప్యూటర్ సైన్స్ వారికి ముందుముందు 16 జీబీ ఉంటే మేలు. ర్యామ్ పెంచుకునే వీలుందో లేదో కొనేనాడే విచారించాలి. మెకానికల్ విద్యార్థులు వాడే సాలిడ్‌వర్క్స్ విండోస్ కోసమే తయారైనది గనుక మ్యాక్ కొంటే చిక్కే. ‘గేమింగ్’ యంత్రమే కావాలని పిల్లలు పట్టుబట్టడానికి చదువొక్కటే కారణం కాదని మనకూ తెలుసు.

ఇక వాయిదాల సంగతి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. సాధారణంగా బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ధరలో తగ్గింపు చూపుతారు. సంతకానికి ముందు ఒప్పందపత్రంలో వడ్డీ రేటు వెతకండి. దుకాణదారుడే ఒకే ధర నిర్ణయించి, ఆలస్యానికి అదనం కోరక వాయిదాల్లో తీసుకుంటే అది వ్యాపారం. అల్ బఖర సూరా 275వ ఆయత్ హలాల్ చేసింది దానినే.

అది కుదరకుంటే బంధువుల వద్ద ఖర్జె హసనా తీసుకుని, 282వ ఆయత్ ఆదేశించినట్లు గడువుతో సహా వ్రాసుకోవాలి. లేదా వాడిన యంత్రం కొనవచ్చు. బ్యాటరీ ఎంత క్షీణించిందో విండోస్ నివేదికే చూపుతుంది. రెండు నెలలు ఆలస్యమైనా కళాశాల ప్రయోగశాలలో కంప్యూటర్లు ఉండనే ఉన్నాయి.