స్కాను సీడీలో నేమున్నది?

గత విద్యాసంవత్సరములో నొకనాటి సాయంకాలము, బడి విడిచిన పిమ్మట, తొమ్మిదవ తరగతి బాలు డొకడు తన తల్లితోకూడ మాయొద్దకు వచ్చెను. అంతకు వారము దినములకు ముందు ఆ బాలుని తండ్రి మోటారు సైకిలు మీదనుండి పడగా తలకు దెబ్బ తగిలెను. వేఱొక పట్టణమున తలకు సీ.టీ. స్కాను తీయించిరి. అచ్చట వారి చేతికి ఫిల్మును, కాగితపు సంచిలో నొక సీడీని ఇచ్చిరి. ఇల్లు చేరులోపల ఫిల్ము వానలో తడిసి పాడయ్యెను. తలనొప్పి తగ్గనందున మరల వైద్యునికి చూపగా, ఆయన స్కానును చూడవలె ననెను. సీడీని ఒక కంప్యూటరు దుకాణమునకు తీసికొనిపోగా, అది ఖాళీ సీడీ యని చెప్పి తిరిగి యిచ్చిరి.

"అయ్యవారూ, ఇంకొకసారి స్కాను తీయించుటకు మా చేత డబ్బు లేదు. ఇది నిజముగా ఖాళీయేనా, మీరైనా చూడండి" అని ఆ తల్లి మమ్ము వేడుకొనెను.

మేము దానిని పాఠశాల కంప్యూటరులో పెట్టి చూచితిమి. అది ఖాళీ కాదు. అందు రెండువందలకు పైగా ఫైళ్లుండెను. అయితే మనము ఫొటోలు చూచు ప్రోగ్రాములలో నేదియు వానిని తెఱవలేకపోయెను. ఇట్లేల జరుగును? ఆ ఫైళ్లను చూచుట యెట్లు? చూచినవారు ఏమి తెలిసికొనవచ్చును, ఏమి తెలిసికొనజాలరు? ఈ సంగతులు మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును అక్కఱకు వచ్చునని తలచి యిచ్చట వ్రాయుచున్నాము.

1895 నవంబరు 8న జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడైన రోయంట్‌గెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనెను. కాని ఎక్స్‌రే ఫొటోలో ముందున్న యవయవమును వెనుకనున్న యవయవమును ఒకదానిపై నొకటి పడి కనబడును. ఈ కొఱతను తీర్చినవాడు ఇంగ్లండు దేశపు ఇంజనీరగు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు. అతని యంత్రముతో 1971 అక్టోబరు 1న లండనులో నొక రోగి తలను మొదటిసారి స్కాను చేసిరి. 1979లో అతనికిని, ఇందుకు వలయు గణితమును వేఱుగా సాధించిన అలన్ కార్మాకునకును నోబెల్ బహుమానము లభించెను. ఈ యంత్రము శరీరముచుట్టు తిరుగుచు నలుదిక్కులనుండి కిరణములను పంపి, అవి లోపల నెంతమేరకు తగ్గినవో కొలుచును. కంప్యూటరు ఆ కొలతలను లెక్కకట్టి, రొట్టెను పలుచని ముక్కలుగా కోసినట్లు, శరీరమును పొరలు పొరలుగా చూపును.

ఇచ్చట ముఖ్యమైన సంగతి యొకటి గలదు. ఆ పొర ఫొటో కాదు. అది యంకెల పట్టిక. సాధారణముగా నొక్కొక్క పొరలో అడ్డముగా 512, నిలువుగా 512 గళ్లుండును. అనగా 2,62,144 గళ్లు. ప్రతి గడిలోను ఒక యంకె యుండును. ఈ యంకెల కొలబద్దకు హౌన్స్‌ఫీల్డు పేరే పెట్టిరి. దీనిలో నీటికి 0. గాలికి మైనస్ 1000. కొవ్వునకు సుమారు మైనస్ 100. మెదడునకు సుమారు 20 మొదలు 40 వఱకు. గట్టి యెముకకు 1000 వఱకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును. ఒక్కొక్క యంకెకు రెండు బైట్లు వలయును గనుక పొరకు సుమారు అర మెగాబైటు పట్టును. రెండువందల పొరలకు ఎంత పట్టునో బాలురే లెక్కించుకొందురు గాక.

తొలిదినములలో ఒక్కొక్క కంపెనీవారు ఈ పట్టికలను తమ తమ పద్ధతిని వ్రాయుచుండిరి. ఒకరి బొమ్మ మఱియొకరి యంత్రములో తెఱవబడకుండెను. అందువలన అమెరికాలోని రేడియాలజీ వైద్యుల సంఘమువారును, యంత్రముల తయారీదారుల సంఘమువారును కలిసి 1985లో నొక యుమ్మడి నియమావళిని ప్రకటించిరి. అదియే పెంపొంది 1993లో డైకామ్ అను పేరు పొందెను. నేడు ప్రపంచమంతటను స్కాను బొమ్మలు ఈ పద్ధతినే వ్రాయబడుచున్నవి. డైకామ్ ఫైలులో అంకెలతోపాటు రోగి పేరు, పుట్టిన తేది, స్కాను తీసిన దినము, పొర మందము మున్నగునవి యుండును. సాధారణమైన ఫొటో ప్రోగ్రాములకు ఈ వ్రాత తెలియదు గనుకనే దుకాణములో ఆ సీడీ ఖాళీగా తోచెను.

దీనిని చదువు ప్రోగ్రాములను డైకామ్ వ్యూయరు లందురు. పెక్కు సీడీలలో అట్టి ప్రోగ్రాము బొమ్మలతోపాటే యుండును. లేనిచో, విండోస్ కంప్యూటరులో మైక్రోడైకామ్‌ను, మాక్ కంప్యూటరులో హోరోస్‌ను సొంత వాడుకకు వెల లేకయే పొందవచ్చును. 1998లో బోస్టను నగరమున ఆరంభమైన 3డి స్లైసర్ అను నుచిత ప్రోగ్రాము పొరలను పేర్చి అవయవమును నిండురూపముగా కూడ చూపును.

ఈ వ్యూయరు చేయు ముఖ్యమైన పనిని విండో యందురు. హిందూదేశపు పటమును నోటుపుస్తకపు పుటమీద గీచినచో సూళ్లూరుపేటయు తడయు నొక్క చుక్కలోనే యిమిడిపోవును. అదే పుటమీద మన మండలమును మాత్రమే గీచినచో చెఱువులును వీధులును వేఱువేఱుగా కనబడును. స్కానుయొక్క అంకెలు నాలుగువేల మెట్లవఱకు నుండగా, కంప్యూటరు తెర సాధారణముగా చూపు బూడిదవన్నెలు 256 మాత్రమే. అన్ని యంకెలను ఒక్కసారి చూపబోయినచో మెదడంతయు నొకే వన్నెగా నుండును. కావున మెదడును చూచునప్పుడు 0 మొదలు 80 వఱకుగల యంకెలకే వన్నెల నన్నిటిని పంచుదురు. 0కు తక్కువైన దంతయు నలుపు. 80కి మించిన దంతయు తెలుపు. ఊపిరితిత్తులకు వేఱొక విండో, ఎముకలకు మఱియొకటి. బొమ్మ మాఱదు, మనము చూచు కిటికీయే మాఱును.

మేము ఆ సీడీని ఇట్లు తెఱచి, పొరలను ఒక్కొక్కటిగా త్రిప్పుచుండగా, మెదడు నడుమ తెల్లని మచ్చ యొకటి కనబడెను. తలలో రక్తము కారినచో స్కానులో తెల్లగా నుండునని మేమెక్కడనో చదివియుంటిమి. మేము నోట నేమియు ననలేదు గాని, మా ముఖము చూచి ఆ తల్లి యేడ్వసాగెను. ఆ రాత్రి ఆ యింట నెవరును నిద్రపోలేదని తరువాత వింటిమి.

మఱునాడు ఫైళ్లను పెన్‌డ్రైవులోనికి ఎత్తి వైద్యునికి పంపితిమి. ఆయన వానిని స్కానులు చదువుటయందు తరిఫీదు పొందిన రేడియాలజిస్టునకు చూపెను. ఆ మచ్చ రక్తము కాదనియు, మెదడు నడుమనుండు పీనియల్ అను చిన్న గ్రంథిలో సున్నపు పదార్థము చేరుట పెద్దవయసువారిలో సర్వసాధారణమనియు, భయపడ బనిలేదనియు తెలిసెను. పిమ్మట మేము చూడబోగా ఆ రేడియాలజిస్టు ఓపికతో మాకు వివరించెను. క్రొత్తగా కారిన రక్తమునకు అంకె సుమారు 50 మొదలు 80 వఱకు నుండును. సున్నము చేరిన చోట సాధారణముగా 100 దాటును. మెదడు విండోలో రెండును కంటికి తెలుపే. విండోను వెడల్పు చేసినచో రక్తము బూడిదవన్నెకు దిగును, సున్నము తెల్లగానే నిలుచును. "అయినను అంకె యొక్కటే చాలదు, అది యెచ్చట నున్నది, రోగి స్థితి యెట్లున్నది అను వానినిగూడ చూడవలెను" అని ఆయన చెప్పెను. మాకు తెఱచుట మాత్రమే తెలిసెను, చదువుట తెలియదు. తెలియని వ్రాతను తెలిసినట్లు చూచి ఒక కుటుంబమును భయపెట్టితిమి.

బొమ్మ అంకెల రూపమున నుండుటవలన నింకొక గొప్ప మేలు గలదు. రోగి కదలకయే బొమ్మ దూరపు వైద్యుని చేరగలదు. చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామమే ఇందుకు సాక్ష్యము. అపోలో ఆసుపత్రివారు అచ్చట తమ గ్రామ వైద్యశాలను దూరవైద్యమునకు సిద్ధపఱుపగా, 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదునకు వచ్చినప్పుడు దానిని ఆరంభించెను. 2001లో ఇస్రో తన దూరవైద్య ప్రయత్నమున ఆ గ్రామ వైద్యశాలను చెన్నపట్టణపు అపోలో ఆసుపత్రితో ఉపగ్రహము ద్వారా కలిపెను. మన యూరిప్రక్క శ్రీహరికోటనుండి రాకెట్లను పంపు సంస్థ యిదియే. వాని మ్రోతను వినుచు పెరిగిన మన బాలురు, ఆ విద్య రోగులకు నెట్లు తోడ్పడునో తెలిసికొనుట తగును.

తల్లిదండ్రులకు మా మనవి యిది. స్కాను తీయించినప్పుడు ఫిల్ముతోపాటు సీడీనిగాని ఫైళ్లనుగాని అడిగి తీసికొనుడు. వేఱొకచోట నొక నకలు దాచుకొనుడు. ఫిల్మును ఫోనుతో ఫొటో తీసి పంపుట చాలునని తలపవలదు; ఆ ఫొటోలో అంకెలుండవు, విండో మార్చుటకు వీలులేదు. సీడీ పోయినందుననే మరల స్కాను తీయించినచో ఖర్చేగాక, కిరణములకు శరీరమును మరల నొప్పగింపవలసివచ్చును. తలకు తీయు నొక స్కానువలన కలుగునది, ప్రకృతినుండి మన కొక సంవత్సరమున కలుగుదానికి ఇంచుమించు సమానము. ఫైళ్లలో రోగి పేరు మున్నగునవి యుండును గనుక వానిని ఎల్లరకును పంచవలదు. బాలురారా, మీరు వ్యూయరును తెఱచి నేర్చుకొనుడు, ఇంటివారికి సాయపడుడు, కాని తీర్పు చెప్పకుడు.

ఆ తండ్రి యిప్పుడు కుశలముగా తన పనికి పోవుచున్నాడు. ఆ సీడీ వారి యింట రేషను కార్డుతోను భూమి పట్టాతోను కూడ ఇనుపపెట్టెలో నున్నదని ఆ బాలుడు మాకు చెప్పెను.