అప్పు కన్నా దాపరికమే ముప్పు

అమెరికా రహస్య కొలువులకు ఇంటి లెక్కలూ పరీక్షే

చేతిలో డిగ్రీ ఉంది. పనిలో నేర్పు ఉంది. పోలీసు కేసులు లేవు. అయినా అమెరికాలో రక్షణ శాఖ పనికి సంబంధించిన ఉద్యోగం చేజారిపోవచ్చు. తీర్చకుండా వదిలేసిన అప్పులే అందుకు కారణం కావచ్చు. మన పల్లెల నుంచి వెళ్లి అక్కడి పౌరసత్వం పొందినవారికీ, అక్కడే పుట్టిన వారి పిల్లలకూ ఈ నిబంధన వర్తిస్తుంది.

ప్రభుత్వ రహస్య పత్రాలు చూసే పనిలో చేరాలంటే అక్కడ 'సెక్యూరిటీ క్లియరెన్స్' అనే అనుమతి ఉండాలి. సాధారణంగా అమెరికా పౌరులకే దీన్ని ఇస్తారు. 2017 జూన్ 8న అమలులోకి వచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషిని 13 అంశాలలో పరిశీలిస్తారు. వాటిలో ఆరవది డబ్బు వ్యవహారం.

ఎందుకీ ఆరా?

అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్నప్పుడు మనిషి దేనికైనా తెగిస్తాడన్నది అధికారుల భయం. ఆ భయానికి ఆధారం ఉంది. అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ.లో పనిచేసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ విడాకుల ఖర్చులతో, అప్పులతో సతమతమై 1985లో సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అమ్మాడు. మొదట అందుకున్నది 50 వేల డాలర్లు. తరువాత లక్షలు వచ్చిపడ్డాయి. 5 లక్షల 40 వేల డాలర్లకు ఇల్లు కొని, రొక్కంగా చెల్లించాడు. అతడు పేర్లు బయటపెట్టిన పలువురు సోవియట్ వ్యక్తులు మరణశిక్షకు గురయ్యారు. 1994 ఫిబ్రవరిలో అరెస్టయిన ఏమ్స్‌కు యావజ్జీవ శిక్ష పడింది. అందుకే అప్పులతో పాటు జీతానికి మించిన వైభోగాన్నీ అధికారులు అనుమానిస్తారు.

ఏం అడుగుతారు?

ఎస్.ఎఫ్.86 అనే దరఖాస్తులో గత ఏడేళ్ల లెక్క చెప్పాలి. 120 రోజులు దాటిన బాకీలు, ఎగవేసిన పన్నులు, దివాలా పిటిషన్లు, అన్నీ రాయాలి. జూదంలో తెచ్చుకున్న కష్టాలైతే ఎప్పటివైనా చెప్పాలి. సొంత అప్పులే కాదు, ఇతరులకు హామీ సంతకం పెట్టినవీ లెక్కలోకి వస్తాయి. కావాలని అబద్ధం రాస్తే ఫెడరల్ చట్టం కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అనుమతి వచ్చిన తరువాత కూడా అప్పుల రికార్డులపై నిఘా కొనసాగుతుంది.

కష్టానికి మన్నింపు ఉంది

అప్పు ఉన్న ప్రతి ఒక్కరినీ తిరస్కరించరు. ఉద్యోగం పోవడం, అనుకోని జబ్బు, ఇంటి మనిషి మరణం, విడాకులు, వ్యాపార నష్టం వంటివి మనిషి చేతిలో లేనివి. ఆ కష్టంలో అతడు ఎలా నడుచుకున్నాడన్నదే ముఖ్యం. అప్పిచ్చినవారితో మాట్లాడి వాయిదాలు కుదుర్చుకుని, క్రమంగా కడుతున్నవారికి అవకాశం ఉంటుంది. స్తోమత ఉండీ కట్టనివారికి, అప్పు చేసి పప్పుకూడు తినేవారికి చిక్కులు తప్పవు.

రక్షణ శాఖ కాంట్రాక్టు సంస్థల ఉద్యోగికి అనుమతి నిరాకరించదలచితే కారణాలను రాతపూర్వకంగా తెలియజేస్తారు. అది అందిన 20 రోజులలో జవాబివ్వాలి. కోరితే న్యాయాధికారి ఎదుట వాదన వినిపించుకోవచ్చు. అక్కడ నోటిమాట చాలదు, రసీదులు చూపాలి.

ఊళ్లో తల్లిదండ్రులకూ పని ఉంది

విదేశాలలో ఉన్న ఇల్లు, భూముల వివరాలు కూడా ఆ దరఖాస్తులో అడుగుతారు. మన ఊళ్లోని ఎకరం పొలం అక్కడివారి దృష్టిలో విదేశీ ఆస్తే. కొడుకు పేరున పొలం రిజిస్టరు చేయించి, ఆ సంగతి అతడికి చెప్పకపోతే అతడు రాయలేడు. తరువాత అది బయటపడితే సంజాయిషీ చెప్పుకోవలసింది అతడే. అందుచేత ఏ ఆస్తి ఎవరి పేరున ఉందో, ఏ అప్పుకు ఎవరు హామీ ఉన్నారో పిల్లలకు తెలియజేయడం మంచిది.

మన దేశంలోనూ ఇటువంటి కట్టుబాటు ఉంది. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి 17వ నిబంధన ప్రకారం ఉద్యోగి అలవాటుగా అప్పులు చేయరాదు. బాకీ వసూలుకు తనపై కోర్టులో దావా పడితే వెంటనే పై అధికారులకు పూర్తి వివరాలు తెలపాలి. దుబారా వల్ల కాక, తన చేతిలో లేని కష్టం వల్లనే అప్పయిందని రుజువు చేసుకునే బాధ్యత కూడా ఉద్యోగిదే. కనుక ఇక్కడి కొలువైనా, అక్కడి కొలువైనా ఆసుపత్రి బిల్లులు, వాయిదా కట్టిన రసీదులు, బాకీ చెల్లు రాయించుకున్న కాగితాలు పారేయకుండా భద్రపరచుకోవాలి.