పామరుల పుస్తకములు

17వ శతాబ్దమున బ్రిటనునందు పెన్నీ వెలగల చిన్నపుస్తకములను సామాన్యులు సంతలలో కొని చదువుకొనుచుండిరి. దొంగలు, దయ్యములు, వింత ప్రేమలు వానిలోని విషయములు. పండితులు వానిని చిన్నచూపు చూచిరి. నౌకాదళోద్యోగియగు శామ్యూల్ పెపిస్ మాత్రము వానిని ఏరి బైండు కట్టించెను. ఆ సంపుటములు నేటికిని కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలలో భద్రముగ నున్నవి. నాటి కూలివాడు దేనికి నవ్వెనో, దేనికి జడిసెనో తెలియగోరు చరిత్రకారునకు ఇంతకన్న ఆధార మేమి కలదు?

మన సంగతి యేమి? వేమన పద్యములను 1829లో అచ్చువేయించినవాడు బ్రౌను దొర. మన పండితులు కారు. పెద్దబాలశిక్షను, కాశీమజిలీ కథలను, బొబ్బిలి కథను ఇంటింట చదివిరి. ప్రబంధములను పొగడు నోరు వీనిని తలచుట అరుదు!

అనకాపల్లి 2022లో జిల్లా కేంద్రమయ్యెను. ఇచ్చటి బెల్లపు వర్తకుల పెట్టెలలోను, రైతుల అటుకలమీదను ఇట్టి పుస్తకములు ఎన్ని చెదలపాలగుచున్నవో! ఇంటిపన్నుతో గ్రంథాలయపు పన్ను కూడ మనము చెల్లించుచున్నాము. కావున గ్రంథాలయమున వీనికొక బీరువా కేటాయింపవలెనని అడుగుచున్నాము. ధనికులు ముందుగ తమ ఇండ్లు వెదకి ఇత్తురుగాక. అట్టలు చినిగినవని అధికారులు త్రోసివేయరాదు. అంచులయందు తాతలు వ్రాసికొన్న బెల్లపు పద్దులను చెరుపరాదు.