వెతికేది మనం, వడపోత ఎవరిది?

‘బొబ్బిలి యుద్ధం’ అని టైపు చేసి సెర్చ్ ఇంజిన్‌ని అడిగితే రెండు రకాల ఫలితాలు కలగాపులగంగా వస్తాయి. విజయనగరం రాజుతో కలిసి ఫ్రెంచి సేనాని బుస్సీ 1757 జనవరిలో బొబ్బిలి కోటను ముట్టడించిన చరిత్ర ఒకటి. 1964లో ఎన్టీ రామారావు నటించిన సినిమా, దాని పాటలు, వీడియోలు రెండోది. చరిత్ర పాఠం రాసుకునే విద్యార్థికి సినిమా పేజీలు అడ్డం. పాత పాటల అభిమానికి చరిత్ర అక్కర్లేదు. ఇద్దరికీ ఒకే జాబితా ఇస్తే ఎవరో ఒకరు నష్టపోతారు. ఆ జాబితాను ఎవరికి కావలసినట్టు వాళ్లు మలుచుకునే వీలే ‘సొంత వడపోత’.

మాటల లెక్క

మనం అడిగిన క్షణంలో సెర్చ్ ఇంజిన్ ఇంటర్నెట్ అంతా గాలించదు. క్రాలర్లు అనే ప్రోగ్రాములు ముందే పేజీలు చదివి పెట్టుకుంటాయి. వాటితో ‘విలోమ సూచిక’ తయారవుతుంది. పాఠ్యపుస్తకం చివర ఏ పదం ఏ పుటల్లో ఉందో చెప్పే పట్టిక లాంటిదే ఇదీ. ప్రతి మాటకూ ఎదురుగా, ఆ మాట ఉన్న పేజీల నంబర్లు వరుసగా ఉంటాయి. ‘బొబ్బిలి’ వరుసలోనూ ‘యుద్ధం’ వరుసలోనూ ఉన్న నంబర్లను ఏరి, వాటికి స్కోర్లు వేసి, ఎక్కువ స్కోరు వచ్చినవాటిని పైన చూపిస్తారు.

ఇప్పుడు విద్యార్థి ‘సినిమా’ అనే మాటకు ముందు ఖాళీ వదలకుండా మైనస్ గుర్తు పెట్టి వెతికాడనుకుందాం. ఏరిన నంబర్లలోంచి ‘సినిమా’ వరుసలో ఉన్నవన్నీ కొట్టేస్తారు. బళ్లో నేర్చుకున్న సమితుల తీసివేతే ఇది. చూడటానికి చక్కగా ఉన్నా ఇందులో రెండు చిక్కులున్నాయి. చక్కటి చరిత్ర వ్యాసం చివర ‘ఈ కథ సినిమాగా కూడా వచ్చింది’ అని ఒక్క వాక్యం ఉంటే చాలు, ఆ వ్యాసం మొత్తం ఎగిరిపోవచ్చు. ‘చిత్రం’ అని మాత్రమే రాసిన పేజీ నిక్షేపంగా మిగిలిపోతుంది. తెలుగు మాటలు విభక్తులు తగిలించుకుని సినిమాలో, సినిమాకి అని రకరకాల రూపాల్లో కనిపిస్తాయి. అవన్నీ ఒకే మాటని సెర్చ్ ఇంజిన్ గుర్తుపట్టకపోతే వడపోతకు చిల్లులు పడినట్టే.

సైట్ల లెక్క

అందుకే మాటను బట్టి కాకుండా చోటును బట్టి వడకట్టడం చాలాసార్లు మేలు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘సైట్’ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా వెబ్‌సైటు చిరునామా ఇస్తే ఆ ఒక్క చోటే వెతుకుతుంది. చిరునామా బదులు ‘గవ్ డాట్ ఇన్’ అని ఇస్తే భారత ప్రభుత్వ సైట్లకే పరిమితమవుతుంది. కానీ ఇవన్నీ ప్రతిసారీ టైపు చేయాలి. ఒకసారి చెబితే గుర్తుపెట్టుకునే వడపోత కావాలంటే నియమాల జాబితా ఒకటి ఉండాలి.

ఆ జాబితా పని చేసే చోటును బట్టి ఫలితం మారుతుంది. యుబ్లాక్‌లిస్ట్ లాంటి ఎక్స్‌టెన్షన్లు మన బ్రౌజర్‌లోనే పని చేస్తాయి. పది ఫలితాలు వచ్చాక వాటిలో ఆరు మనం వద్దన్న సైటువైతే వాటిని దాచేస్తాయి. ఆ పేజీలో ఇక నాలుగే మిగులుతాయి. సెర్చ్ ఇంజిన్ తన సర్వర్‌లోనే వడకడితే ఆ ఆరింటి స్థానంలోకి వెనకున్నవి వస్తాయి, పది పదిగానే ఉంటాయి. అయితే మనకు ఏది గిట్టదో ఆ కంపెనీకి తెలిసిపోతుంది. మొదటి పద్ధతిలో జాబితా మన దగ్గరే ఉంటుంది.

సర్వర్‌లో చేస్తే మరో లాభం ఉంది. ఉంచడం, తీసేయడం మాత్రమే కాకుండా స్కోరును పెంచడం, తగ్గించడం కూడా కుదురుతుంది. బ్రేవ్ సెర్చ్ 2022లో తెచ్చిన ‘గాగుల్స్’ సరిగ్గా ఇదే చేస్తుంది. ఫలానా సైటును పైకి తే, ఫలానాదాన్ని కిందికి నెట్టు, ఫలానాదాన్ని పారేయి అని మామూలు టెక్స్ట్ ఫైల్లో నియమాలు రాసుకోవచ్చు. ఆ ఫైలును పదిమందికీ పంచవచ్చు, తెరిచి చదివి ఎవరు ఎటు మొగ్గారో తెలుసుకోవచ్చు. చందాతో నడిచే సెర్చ్ ఇంజిన్ కాగి కూడా ఒక్కో సైటును పెంచడానికి, తగ్గించడానికి, పూర్తిగా అడ్డుకోవడానికి వీలిస్తుంది.

గూగుల్ పాఠం

గూగుల్ ఈ దారిలో ముందే నడిచి వెనక్కి తగ్గింది. 2011 ఫిబ్రవరిలో క్రోమ్‌కు సైట్లను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ ఇచ్చింది. మార్చిలో ఆ సౌకర్యాన్ని ఫలితాల పేజీలోకే తెచ్చి, 500 సైట్ల దాకా అడ్డుకోనిచ్చింది. అదే ఫిబ్రవరిలో నాసిరకం సైట్లను కిందికి దించే పెద్ద మార్పు కూడా చేసింది. తర్వాత ‘పాండా’గా పేరుపడింది అదే. ఎక్స్‌టెన్షన్ వాడేవాళ్లు ఎక్కువగా అడ్డుకున్న కొన్ని డజన్ల సైట్లలో 84 శాతాన్ని ఆ మార్పు పట్టుకుందని గూగుల్ చెప్పింది. మార్పు కోసం వాళ్ల జాబితాలను వాడలేదు, సరిచూసుకోవడానికే చూశామంది. అంటే మామూలు వాడకందారుల తీర్పూ, ఇంజనీర్ల లెక్కా చాలావరకు ఒక్కటే అయ్యాయి. అయినా 2013 నాటికి ఫలితాల పేజీలోని ఆ సౌకర్యం పోయింది. 2025 ఆగస్టులో అమెరికా, భారత్‌లలో ‘ప్రిఫర్డ్ సోర్సెస్’ వచ్చింది. నచ్చిన వార్తా సైట్లను ఎంచుకుంటే ముఖ్య వార్తల్లో అవి ఎక్కువగా కనిపిస్తాయి. ఎంచుకోవడానికే తప్ప అడ్డుకోవడానికి ఇది పనికిరాదు.

నచ్చినవే చూస్తూ పోతే నచ్చనిది కంటబడకుండా పోదా అన్న అనుమానం సహజం. రచయిత ఎలీ పారిసర్ 2011లో ‘ఫిల్టర్ బబుల్’ అని హెచ్చరించింది దీని గురించే. కానీ ఆయన వేలు చూపింది మనకు చెప్పకుండా, మన క్లిక్కులు చూసి యంత్రం కట్టే గోడ వైపు. మనం రాసుకున్న నియమం కంటికి కనిపిస్తుంది, చెరిపేయడం కూడా మన చేతిలో పనే. ఫలితాలను వరుస పెట్టడమంటేనే ఏది ముందో ఏది వెనకో ఎవరో తేల్చడం. ఆ తేల్చే హక్కులో వాడకందారుకు వాటా ఉండాలి. కాబట్టి మీ పనికి అడ్డొచ్చే సైట్లను నిస్సంకోచంగా తీసేయండి. మీ అభిప్రాయానికి అడ్డొచ్చేవాటిని మాత్రం ఉంచండి. అప్పుడప్పుడూ వడపోత ఆపేసి, అదే ప్రశ్న మళ్లీ అడిగి చూడండి.